రోహిణి కార్తెలో గోల్డ్‌ఫిష్: ట్యాంకు ఎంత ఉండాలి, తోడు ఎవరుండాలి?

ప్రశ్న: మాది కావలి. మా పాపకి ఏడేళ్లు. పుట్టినరోజుకి నెల్లూరు నుంచి రెండు గోల్డ్‌ఫిష్‌లు, వాటితోపాటు ఐదు లీటర్ల గాజు గిన్నె తెచ్చాం. పది రోజులకే ఒకటి చచ్చిపోయింది. రెండోది పొద్దున్నే చూస్తే పైకొచ్చి నోరు తెరిచి గుటకలు వేస్తూ ఉంటుంది. నీళ్లన్నీ మార్చేస్తే సాయంత్రానికి కాస్త తేరుకుంటుంది, రెండు రోజులకి మళ్లీ మామూలే. అది గుండ్రటి పొట్ట, జంట తోక, నెత్తిన ఎర్ర టోపీ ఉన్న రకం. షాపాయన రెండడుగుల ట్యాంకు కొనమన్నాడు. అందులో ఆరు గోల్డ్‌ఫిష్‌లు, రెండు షార్క్‌లు, అద్దాలు శుభ్రం చేయడానికి ఒక సక్కర్, అందానికి నాలుగు గప్పీలు వేసుకోవచ్చట. మా అత్తయ్యేమో వాస్తుకి ఎనిమిది బంగారు రంగువి, ఒక నల్లది, మొత్తం తొమ్మిది ఉండాలంటున్నారు. మా ఆయన అల్లూరు వైపు రొయ్యల గుంటలు చేస్తారు. ఆయనకి ఇదంతా నవ్వులాటగా ఉంది. ఎంత ట్యాంకు కొనాలి? ఏమేం వేయాలి? ఒంటరిగా ఉన్న చేప దిగులు పెట్టుకుంటుందా అని పాప రోజూ అడుగుతోంది. దానికి కూడా జవాబు చెప్పండి.

సమాధానం: అమ్మా, ట్యాంకు సంగతి తర్వాత. ముందు ఆ చేపని గిన్నెలోంచి బయటికి తీయండి. అరవై, ఎనభై లీటర్లు పట్టే ప్లాస్టిక్ టబ్బు ఒకటి కొత్తది తెచ్చుకోండి. బట్టలు నానబెట్టిన పాతది వద్దు, సబ్బు వాసన ఎంత కడిగినా వదలదు. మున్సిపాలిటీ నీళ్లు పట్టి ఒక రోజు మూత లేకుండా ఉంచితే క్లోరిన్ పోతుంది. అంత ఆగలేమంటే షాపుల్లో యాంటీ క్లోరిన్ చుక్కలు దొరుకుతాయి, సీసా మీద రాసినంత వేయండి. గాలి మోటారు ఒకటి, దానికి స్పాంజి ఫిల్టరు ఒకటి తగిలించండి. చేపని గిన్నె నీళ్లతో సహా ఒక కవర్‌లోకి తీసుకుని, ఆ కవర్‌ని టబ్బులో పావుగంట తేలనిచ్చి, ఆ తర్వాత చేపని వదలండి. మొదటి రోజు మేత వేయకండి. ఇది ఈ రెండు రోజుల్లో అయిపోవాలి. ట్యాంకు కొనడానికి నెల పట్టినా ఫర్వాలేదు.

అది పైకొచ్చి గుటకలు వేయడం ఆకలికి కాదు. మీ ఆయన్ని ఒకసారి గిన్నె దగ్గరికి పిలిచి చూపించండి. తెల్లవారుజామున గుంటలో రొయ్య పైకి తేలితే ఆయన ఏం చేస్తారు? నవ్వుతూ నిలబడరు గదా, నీళ్లకి గాలి పట్టించే ఏరేటర్ల దగ్గరికి పరిగెత్తుతారు. ఇక్కడ జరుగుతున్నదీ అదే, చేపకి ఊపిరాడటం లేదు. గోల్డ్‌ఫిష్ తన ఒంట్లోని వ్యర్థాన్ని ఎక్కువగా మొప్పల గుండా అమ్మోనియాగా వదులుతుంది. తిన్న మేతలో అరగనిది, మిగిలిపోయి కుళ్లేది దీనికి అదనం. ఐదు లీటర్ల నీళ్లలో రెండు చేపలంటే రెండు రోజులకే ఆ నీళ్లు విషం. మీరు నీళ్లు మార్చగానే తేరుకోవడానికి కారణం అదే. అయితే అన్ని నీళ్లూ ఒక్కసారే మార్చడం కూడా దానికి దెబ్బే. వేడి మారుతుంది, పీహెచ్ (నీళ్ల ఆమ్ల, క్షార గుణం) మారుతుంది, నీటిని శుభ్రం చేసే బాక్టీరియా అప్పుడప్పుడే పుడుతుంటే అదీ పోతుంది. ఇకనుంచి మూడో వంతు మాత్రమే మార్చండి.

మీ ఇంట్లో అమ్మోనియా కిట్టు, పీహెచ్ కిట్టు ఉండే ఉంటాయి. గుంటల దగ్గర వాడేవే పనికొస్తాయి, కాకపోతే మంచినీళ్లకి, ఉప్పునీళ్లకి రంగుల పట్టీ వేరువేరుగా ఇచ్చి ఉంటే మంచినీళ్లది చూసుకోవాలి. గిన్నె నీళ్లు పారబోసే ముందు ఒకసారి కొలవమనండి. ఆ రంగు చూశాక ఆయన నవ్వు తగ్గుతుంది.

ఇప్పుడు ట్యాంకు. పుస్తకాల్లో, వీడియోల్లో చెప్పే కొలతలన్నీ చల్లటి దేశాలవి. గోల్డ్‌ఫిష్ చైనాలో వెయ్యేళ్లకు పైగా మనుషులు పెంచుతూ వచ్చిన చేప, చల్లనీటి చేప. 18 నుంచి 24 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. మన దగ్గర మేలో బయట 42, 43 డిగ్రీలు పడే రోజులు కొత్త కాదు. ఫ్యాను తిరిగే గదిలో కూడా నీళ్లు 31, 32కి వస్తాయి. ఆ వేడికి గోల్డ్‌ఫిష్ వెంటనే చచ్చిపోదు, గట్టి ప్రాణమే. ఇబ్బంది వేరే ఉంది. 20 డిగ్రీల నీళ్లు లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకుంటాయి. 30 డిగ్రీల నీళ్లు పట్టుకునేది ఏడున్నరే. నీళ్లలో గాలి తగ్గే ఆ సమయంలోనే చేపకి గాలి ఎక్కువ కావాలి. పది డిగ్రీలు పెరిగితే దాని అవసరం ఇంచుమించు రెట్టింపు అవుతుంది. అమ్మోనియాలో విషపు వాటా కూడా వేడితో పెరుగుతుంది. అదే పీహెచ్ దగ్గర 20 డిగ్రీల్లో ఉన్నదానికి 30 డిగ్రీల్లో దాదాపు రెట్టింపు. పీహెచ్ 7 నుంచి 8కి వెళితే సుమారు పది రెట్లు. కాబట్టి డిసెంబరులో సరిపోయిన ట్యాంకు మేలో సరిపోదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. కావలిలో గోల్డ్‌ఫిష్ పెంచాలంటే ట్యాంకు కొలత ఆ పదిహేను రోజుల్ని దృష్టిలో పెట్టుకుని తీసుకోవాలి. చాలామంది ట్యాంకులు సంక్రాంతికి కొంటారు, మే వచ్చేసరికి ఖాళీ చేసి అటక మీద పెడతారు.

నేను మన వైపు వాళ్లకి చెప్పే లెక్క ఇది: గుండ్రటి పొట్ట రకమైతే ఒక్కో చేపకి 75 లీటర్లు. ఇప్పుడు మీ చేప రెండంగుళాలే ఉండొచ్చు. బతికి బాగా పెరిగితే ఆరేడు అంగుళాలు అవుతుంది, అదీ తోక కాకుండా పిడికిలంత లావు ఒళ్లుతో. సరిగ్గా చూసుకుంటే పది, పదిహేనేళ్లు ఉంటుంది. ఇంగ్లండ్‌లో టిష్ అనే గోల్డ్‌ఫిష్ 43 ఏళ్లు బతికి 1999లో పోయింది. మీ పాప చదువు అయ్యేదాకా ఇంట్లో ఉండాల్సిన చేప అనుకునే కొనండి.

షాపాయన చెప్పిన రెండడుగుల ట్యాంకు అంటే రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు. ఘనపు అడుగుకి 28 లీటర్ల చొప్పున 56 లీటర్లు. అడుగున రాళ్లు, పైన వదిలే రెండంగుళాలు తీసేస్తే అందులో నిలిచే నీళ్లు 45 లీటర్లే. ఒక్క చేపకే చాలదు, ఆయన పదమూడు వేయమంటున్నాడు.

మీరు మూడడుగుల పొడవు, ఒకటిన్నర వెడల్పు, ఒకటిన్నర ఎత్తు తీసుకోండి. లెక్కకి 190 లీటర్లు, నిజంగా పట్టేది 160 దాకా. రెండు చేపలకి సరిపోతుంది. నాలుగడుగులది పెట్టే చోటు ఉంటే ఇంకా మంచిది, మూడు చేపలు ఉంటాయి. ఒకే నీళ్లు పట్టే రెండు ట్యాంకుల్లో ఒకటి పొడుగ్గా నిలబడేది, ఒకటి వెడల్పుగా పరుచుకునేది ఉంటే వెడల్పుదే కొనండి. గాలి నీళ్లలోకి దిగేది పైతలం నుంచే. బుడగలు చేసే పని ఎక్కువగా ఆ పైతలాన్ని కదపడమే. ఆరు పలకల ట్యాంకులు, గోడకి తగిలించే ఫోటో ఫ్రేము ట్యాంకులు చూడటానికి బాగుంటాయి, చేపకి పనికిరావు. గాజు 8 ఎంఎం అడగండి. షాపులో 5 ఎంఎం చాలంటారు. ఒకటిన్నర అడుగు ఎత్తున నీళ్లు నిలబడ్డాక అద్దం ఉబ్బి కనిపిస్తుంటే రాత్రిళ్లు నిద్ర పట్టదు.

నీళ్లు, గాజు, రాళ్లు కలిపి 200 కిలోలు దాటుతుంది. టీవీ స్టాండు మీద, షోకేసులో పెట్టకండి. ఇటుకలు పేర్చి పైన కడప బండ వేయించి, బండకి ట్యాంకుకి మధ్య థర్మకోల్ షీటు పరిస్తే చాలు. చోటు విషయంలో మాత్రం అత్తయ్యగారి మాట వినండి. ఈశాన్యం మూల అంటే పడమటి ఎండకి కాగిన గోడ తగలదు. కిటికీలోంచి పొద్దుటి ఎండ నేరుగా పడకుండా ఒక కర్టెన్ వేస్తే నాచు పట్టదు. పై అంతస్తులో, స్లాబు కింద మాత్రం వద్దు.

తొమ్మిది చేపల మాట. వాస్తుకి నేను అడ్డు చెప్పను. తొమ్మిదింటికీ 75 చొప్పున 675 లీటర్లు కావాలి. ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ట్యాంకుని అంచు దాకా నింపితే ఆ లెక్కకి వస్తుంది. ముప్పావు టన్ను బరువు. అత్తయ్యగారితో ఇలా రాజీ పడి చూడండి: మీ ఎర్ర టోపీది ఒకటి, నల్లది ఒకటి. మిగిలిన ఏడింటిని పాప చేత బొమ్మలు గీయించి ట్యాంకు వెనక అద్దానికి బయటి నుంచి అంటించండి. మేత అడగవు, నీళ్లు పాడుచేయవు.

మీ చేపని రెడ్ క్యాప్ ఒరాండా అంటారు. దానికి తోడు తేవాలంటే దానంత నెమ్మదిగా ఈదేదే ఉండాలి: ఇంకో ఒరాండా, లేదా ర్యూకిన్, ఫ్యాన్‌టెయిల్. నల్లదాని కోసమైతే బ్లాక్ మూర్. దాని కళ్లు బయటికి ఉబికి ఉంటాయి, చూపు తక్కువ, కాబట్టి ట్యాంకులో మొనదేలిన రాళ్లు, ప్లాస్టిక్ చెట్లు పెట్టకండి. ఒక్క మాట ముందే చెప్పి ఉంచండి. బ్లాక్ మూర్ నలుపు నిలకడైనది కాదు. వయసుతోపాటు, మన వేడికి, చాలా వాటికి పొట్ట కింద నుంచి రాగి రంగు తేలుతుంది. ఆరోజు అత్తయ్యగారు కంగారు పడకూడదు, అది జబ్బు కాదు.

ఒంటి తోక ఉన్న సన్నటి రకాలు, అంటే కామెట్, మామూలు గోల్డ్‌ఫిష్, ఇవి కూడా గోల్డ్‌ఫిష్‌లే అయినా మీ ట్యాంకులో వద్దు. అవి అడుగు పొడవు దాకా పెరుగుతాయి, బాణంలా ఈదుతాయి. ఒరాండా తిరిగి చూసేలోపు మేత అయిపోతుంది. పంక్తిలో పెద్దవాళ్ల విస్తట్లోకి పప్పు వచ్చేసరికి పిల్లలు పెరుగన్నం దాకా వెళ్లిపోయినట్టు ఉంటుంది. వాటికి నీడపట్టున తొట్టె కావాలి, ఆ సంగతి కిందకొస్తాను.

షాపాయన జాబితాలో మిగిలినవి ఒక్కొక్కటే చూద్దాం.

షార్క్ అని అమ్మేది షార్క్ కాదు. ఆ వెండి రంగు పిల్ల పంగాసియస్. మన రాష్ట్రంలో చెరువుల్లో ఎకరాల లెక్కన పెంచి లారీల్లో పంపే చేప అదే. మీ ఆయనకి చూపిస్తే గుర్తుపడతారు. మూడడుగులు దాటి పెరుగుతుంది. కోయి కార్ప్ కూడా అంతే. అది రంగులు తేలిన బంగారుతీగ, దాని చోటు చెరువు. పిల్లగా ఉన్నప్పుడు రెండంగుళాల ముద్దొచ్చే చేపలు, ఏడాది తిరిగేసరికి ఎవరికివ్వాలో తెలియని చేపలు.

సక్కర్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో గోల్డ్‌ఫిష్‌కి అది చేసే హాని ఎవరికీ కనపడదు. అద్దాలు శుభ్రం చేస్తుందని కొంటారు. పిల్లగా ఉన్నన్నాళ్లు నాచు గీకుతుంది, నిజమే. పెరిగేకొద్దీ నాచు మీద ధ్యాస తగ్గుతుంది. రాత్రి లైటు ఆర్పాక నెమ్మదిగా కదిలే గోల్డ్‌ఫిష్ పక్కకి చేరి ఒంటి మీది జిగురుని గీకి తింటుంది. పొద్దున చూస్తే చేప ఒంటి మీద పొలుసు లేచి, పాలిపోయిన మచ్చ కనపడుతుంది. ఏదో జబ్బనుకుని నీలం మందు పోస్తారు. పైగా సక్కర్ ఒకటిన్నర అడుగు పెరుగుతుంది, దాని పెంట గోల్డ్‌ఫిష్‌దాన్ని మించి ఉంటుంది. శుభ్రం చేయడానికి తెచ్చినది చేసే పని అది. అద్దాలకి పాత ఏటీఎం కార్డు చాలు, పాప గీకుతుంది. ఎవరైనా ఇప్పటికే ఇచ్చేసి ఉంటే షాపుకే తిరిగి ఇవ్వండి తప్ప కాలవలో, చెరువులో వదలకండి. ఇలా వదిలినవే చేపల చెరువుల్లో పెరిగి, వలలు చింపి, గట్లలో బొరియలు చేసి, రైతుల చేత దెయ్యం చేప అనిపించుకుంటున్నాయి.

గప్పీలు మంచి చేపలు, మన వేడికి సరిపోతాయి కూడా. కానీ గోల్డ్‌ఫిష్ నోట్లో పట్టేంత చేప ఏదో ఒక రోజు దాని నోట్లోకి వెళుతుంది. అది కోపంతో చేసే పని కాదు, మేత వెతుక్కుంటూ దొరికిందల్లా మింగడం దాని అలవాటు. టైగర్ బార్బ్, రోజీ బార్బ్ అయితే ఒరాండా తోకని కొరుకుతాయి. దోమల కోసం చెరువుల్లో వదిలే గంబూసియా పిల్లల్ని పట్టుకొచ్చి వేసేవాళ్లు ఉన్నారు, అవీ తోకలు కొరికేవే. ఏంజెల్ చేపలు కూడా వద్దు. చల్లనీటి తోడు అని అందరూ ముందు చెప్పే వైట్ క్లౌడ్ మిన్నో, డోజో లోచ్ ఇక్కడ దొరకడమే కష్టం. వైట్ క్లౌడ్‌కైతే గోల్డ్‌ఫిష్ కంటే చల్లదనం కావాలి, మన మే నెల దాటడం దానికి కష్టం. నత్తల్లో పెద్ద యాపిల్ నత్త ఒకటి ఉండనివ్వొచ్చు, చిన్న నత్తల్ని గోల్డ్‌ఫిష్ తినేస్తుంది. మీ ఆయన సరదాకి రెండు రొయ్యలు తెచ్చి వేస్తానంటారేమో, వద్దనండి. గుంటలో పెరిగే వనామీ మంచినీళ్ల ట్యాంకులో ఇమడదు, మంచినీటి బుల్లి రొయ్యలైతే గోల్డ్‌ఫిష్‌కి ఫలహారం.

మొత్తానికి మీ ట్యాంకులో గోల్డ్‌ఫిష్‌కి తోడు గోల్డ్‌ఫిషే. అదీ ఒకటే.

నీళ్ల సంగతికి వస్తే, మినరల్ వాటర్ క్యాన్లు కొనకండి. ఆ నీళ్లలో లవణాలు చాలా తక్కువ, పీహెచ్ నిలకడగా నిలవదు. గోల్డ్‌ఫిష్ లవణాలున్న గట్టి నీళ్లకి భయపడదు. మున్సిపాలిటీ నీళ్లు ఉంటే అవే వాడండి. బోరు నీళ్లు నోటికి ఉప్పగా ఉంటే అందులో సగం మున్సిపాలిటీ నీళ్లు కలపండి. పీహెచ్ 8 చూపించినా చేప బతుకుతుంది, కాకపోతే అమ్మోనియా కొంచెం కూడా ఉండనివ్వకూడదు.

కొత్త ట్యాంకులో అమ్మోనియాని తినే బాక్టీరియా నిలదొక్కుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అమ్మోనియా ముందు నైట్రైట్‌గా, ఆపైన నైట్రేట్‌గా మారాలి. నైట్రేట్ అంత ప్రమాదం కాదు. టబ్బులో ఇప్పుడు పెడుతున్న స్పాంజినే తర్వాత ట్యాంకులోకి మార్చండి, బాక్టీరియా దాంతోపాటే వస్తుంది. ఆ నెలంతా రోజు విడిచి రోజు కొలవాలి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ కలిపి అర పీపీఎం (లీటరుకి అర మిల్లీగ్రాము) దాటితే మూడో వంతు నీళ్లు మార్చాలి. మేత రోజుకి ఒకసారి, రెండు నిమిషాల్లో తినేసేంత. స్పాంజిని కుళాయి కింద పెట్టి కడగొద్దు, ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే పిండాలి.

మీ ఇంట్లో అమ్మోనియాని పట్టుకునే జియోలైట్ రాళ్ల సంచులు కూడా ఉంటాయి. ఉప్పునీటి గుంటల్లో దాని వల్ల అమ్మోనియాకి పెద్దగా ఒరిగేది లేదు, ఉప్పులోని సోడియం దాని చోటు ఆక్రమించేస్తుంది. మంచినీళ్ల ట్యాంకులో మాత్రం బాగా పనిచేస్తుంది. గుప్పెడు గులకలు పల్చటి గుడ్డలో కట్టి ఫిల్టరు దగ్గర వేలాడదీయండి. పొడి వద్దు. కానీ అది ఉన్నన్నాళ్లు ట్యాంకులో కల్లుప్పు వేయకూడదు, పట్టుకున్న అమ్మోనియాని మళ్లీ నీళ్లలోకి వదిలేస్తుంది. గుంటల్లో వాడే వేరే మందులు, సంచుల్లో వచ్చే ప్రోబయోటిక్కులు ట్యాంకు జోలికి తేవద్దు. అక్కడి డోసు ఎకరాలకి.

ఎండాకాలంలో మన ఇళ్లలో చేపలు చచ్చిపోయేది మధ్యాహ్నం నీళ్లు మార్చినప్పుడు. మేడ మీది సింటెక్స్ ట్యాంకులో నీళ్లు రెండు గంటలకి చెయ్యి పెట్టలేనంత కాగి ఉంటాయి. అవి పైపులో రావడం మొదట్లో గోరువెచ్చగానే ఉంటాయి, రెండో బకెట్‌కి అసలు వేడి తెలుస్తుంది. అప్పటికే ఒకటి పోసేసి ఉంటారు. నీళ్లు మార్చడం తెల్లవారుజామునే పెట్టుకోండి, లేదా రాత్రి బకెట్లలో పట్టి ఇంట్లో ఉంచి పొద్దున పోయండి. ట్యాంకు నీళ్లకి, కొత్త నీళ్లకి రెండు డిగ్రీలకి మించి తేడా ఉండకూడదు. థర్మామీటరు ఖరీదు పెద్దగా ఉండదు, ఒకటి అంటించండి.

నీళ్లు 30 దాటిన రోజుల్లో మూత తీసేసి, పైన జల్లెడ లాంటి వల వేసి, టేబుల్ ఫ్యాను నీళ్ల మీదికి ఏటవాలుగా తిప్పి పెట్టండి. ఆవిరయ్యే కొద్దీ రెండు మూడు డిగ్రీలు దిగుతుంది. సముద్రం గాలి తేమగా వీచే రోజుల్లో అంత దిగదు. అప్పుడు అర లీటరు సీసాలో నీళ్లు గడ్డకట్టించి మూత బిగించి ఒక్కటే వేయండి, అది కరిగాకే రెండోది. ఐసు ముక్కలు నేరుగా గుమ్మరించడం మంచిది కాదు. ఆ రోజుల్లో మేత సగం చేయండి, లైటు ఆపేయండి, రెండో గాలి మోటారు కూడా నడపండి. మోటారు నాలుగైదు వాట్లే తింటుంది కాబట్టి ఇన్వర్టరు మీద పెడితే కరెంటు కోతకి టెన్షన్ లేదు. నవంబరు, డిసెంబరులో తుపాను పట్టి రెండు రోజులు కరెంటు లేకపోతే మేత పూర్తిగా ఆపి, గంటకోసారి చెంబుతో నీళ్లు తోడి జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోకే పోయండి. అప్పుడు వాతావరణం చల్లగా ఉంటుంది, చేపలు తట్టుకుంటాయి.

ఇంటి వెనక వేప చెట్టో కొబ్బరి చెట్టో ఉండి చోటు ఉంటే గాజు ట్యాంకు కంటే తొట్టె నాకు ఇష్టం. బావికి వేసే సిమెంటు వరలు మూడడుగుల వ్యాసానివి తెచ్చి, అడుగు కట్టించి, సగం నేలలోకి దించితే ఒకటిన్నర అడుగు లోతున 300 లీటర్లు నిలుస్తాయి. నేల చల్లదనానికి మధ్యాహ్నం కూడా అంత కాగదు. కొత్త సిమెంటు సున్నం వదులుతుంది, పీహెచ్ ఆకాశానికి పోతుంది. నీళ్లు నింపి నాలుగు రోజులకోసారి పారబోస్తూ మూడు వారాలు చేయాలి, పీహెచ్ కిట్టు ఒప్పుకున్నాకే చేపని వదలాలి. పైన వల తప్పదు. కాకి, పిల్లి, లకుముకి పిట్ట మూడూ కాచుకుని ఉంటాయి. పక్కన పశువులున్న వాళ్ల దగ్గర అజొల్లా (నీళ్ల మీద తేలే చిన్న మొక్క) దొరికితే గుప్పెడు వేయండి, తొట్టెకి నీడ, చేపకి పచ్చిమేత. దోమ పిల్లల్ని చేపే తినేస్తుంది. కామెట్ రకాలకి ఇదే సరైన ఇల్లు. మీ ఒరాండా కూడా ఉండగలదు గానీ టోపీని పై నుంచి తప్ప పక్క నుంచి చూసే భాగ్యం పాపకి ఉండదు.

ఇక రెండో చేప ఎప్పుడు తేవాలి? అమ్మోనియా, నైట్రైట్ రెండూ వారం రోజులు వరసగా సున్నా చూపించాక. షాపులో సరుకు ఏ రోజు దిగిందో అడగండి. మన వైపుకి చాలా వరకు రంగు చేపలు చెన్నై కొళత్తూరు నుంచి కవర్లలో వస్తుంటాయి. దిగిన రోజునే కొంటే ఆ ప్రయాణపు బడలిక, దాంతో వచ్చే జబ్బు మీ ఇంట్లో బయటపడుతుంది. వారం ఆగి, అప్పటికీ చురుగ్గా తింటున్నదాన్ని కొనండి. దాన్ని నేరుగా ట్యాంకులో వేయకుండా ఇప్పుడు కొంటున్న టబ్బులో మూడు వారాలు విడిగా ఉంచాలి. ఒంటి మీద ఉప్పు గింజల్లాంటి తెల్ల చుక్కలు, పొలుసు కింద నుంచి దారంలా వేలాడే యాంకర్ పురుగు, ఇవేమైనా ఉంటే ఆ లోపే తెలుస్తాయి.

షాపాయనకి మొహమాటానికి రెండడుగుల ట్యాంకు కొనక తప్పదంటే కొనండి. దాంట్లో గోల్డ్‌ఫిష్ వేయకుండా ఆరేడు గప్పీలు, నాలుగు మోలీలు వేసుకోండి. మోలీలకి ఉప్పగా ఉండే మన బోరు నీళ్లు కూడా పడతాయి, మే నెల వేడీ పడుతుంది. నెలకోసారి పిల్లలు పెడతాయి, పాపకి మంచి కాలక్షేపం.

పాప ప్రశ్నకి జవాబు: గోల్డ్‌ఫిష్ గుంపులో ఉండే చేపే, తోడుంటే ఇంకా హుషారుగా తిరుగుతుంది. కానీ ఒక నెల, రెండు నెలలు ఒంటరిగా ఉంటే దానికేమీ కాదు. ఇప్పుడు అది మూలకి చేరి ఉందంటే దిగులుతో కాదు, నీళ్లు బాగాలేక. టబ్బులోకి మారిన నాలుగైదు రోజులకి మేత వేసే చేతిని గుర్తుపట్టి అద్దం దగ్గరికి వచ్చినట్టే అంచు దగ్గరికి వస్తుంది. ఆ చెయ్యి రోజూ పాపదే ఉండనివ్వండి. ఒక్క చిటికె కంటే ఎక్కువ వేయకుండా మీరు పక్కన ఉండి చూసుకోండి, మేత డబ్బా మాత్రం పై అరలో పెట్టండి.